మిర్చి మంట చేతులకు వాసన లేని సబ్బు

సంక్రాంతి దాటిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో కల్లాలన్నీ ఎరుపెక్కుతాయి. కాయ ఆరబోయడం, తాలు ఏరివేయడం, తొడిమలు తీయడం – ఈ పనుల్లో అధిక భాగం స్త్రీలదే. గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లోని శీతల గిడ్డంగులలోనూ తొడిమలు తీసే చేతులు ఎక్కువగా వారివే. వారిలో మన ఇళ్ల ఆడపడుచులూ ఉన్నారు. సాయంత్రం ఇల్లు చేరాక ఆ చేతులతోనే వంట చేయాలి, బిడ్డను ఎత్తుకోవాలి, మగ్రిబ్ నమాజుకు వుజూ చేయాలి. పత్తి చేలకు వెళ్లే వారి బాధ మరో రకం. ఎండిన కాయ తొక్కల మొనలు వేళ్ల కొసలను గీరుతాయి. ఆ గీతల మీద ఏ ఘాటైన పదార్థం పడినా చర్మం చురుక్కుమంటుంది.

మిరప మంటకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. గింజలో కన్నా, గింజలు అంటుకొని ఉండే లోపలి తెల్లని పొరలోనే అది అధికం. నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మంలోని నాడుల కొసల వద్ద వేడిని పసిగట్టే ఒక ద్వారం ఉంటుంది. క్యాప్సైసిన్ ఆ ద్వారాన్నే తెరుస్తుంది కనుక నిప్పు తగలకపోయినా కాలినట్టు అనిపిస్తుంది. క్యాప్సైసిన్ సాయంతో ఈ రహస్యాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మరొక శాస్త్రవేత్తతో పంచుకున్నారు. మంట పుట్టిన చేతులను వట్టి నీటిలో ముంచితే ప్రయోజనం స్వల్పమని దీనివల్ల అర్థమవుతుంది. మొదట ఏదైనా వంటనూనె రాసి, రెండు నిమిషాలు రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగడం మేలైన పద్ధతి.

ఆ సబ్బు ఎలాంటిదన్నదే మేము ఈ వ్యాసంలో చర్చించదలచిన విషయం. చేతికి అందిన బట్టల సబ్బుతోనో, గది నిండా గుబాళించే స్నానపు సబ్బుతోనో రుద్దుకోవడం మన ఇళ్లలో మామూలే. అయితే సౌందర్య సాధనాల వల్ల కలిగే చర్మపు అలర్జీలకు ప్రధాన కారణాలలో సువాసన ద్రవ్యాలు ఒకటి. అప్పటికే పగిలి, మండుతున్న చర్మానికి ఆ పరిమళం ఏ మేలూ చేయదు. ‘సహజ’ తైలాలు కదా అని లావెండర్, నిమ్మగడ్డి, టీ ట్రీ నూనెలు కలిపిన సబ్బులు కొనేవారున్నారు. చర్మం దృష్టిలో అవీ సువాసన ద్రవ్యాలే. పొట్టం మీద ‘వాసన లేనిది’ అని ముద్రించినంత మాత్రాన నమ్మకూడదు. నూనెల అసలు వాసనను కప్పిపుచ్చడానికి వేరొక పరిమళాన్ని కలిపి కూడా ఆ మాట రాయవచ్చు. పదార్థాల జాబితాలో పర్ఫ్యూమ్, ఫ్రాగ్రెన్స్, లినలూల్, లిమొనీన్ అన్న పేర్లు ఉన్నాయేమో చదవాలి. అదే జాబితాలో సోడియం టాలోవేట్ అని ఉంటే అది జంతువుల కొవ్వుతో చేసిన సబ్బు. ఏ జంతువుదన్న సంగతి ఆ పేరు చెప్పదు.

పరిమళం లేని సబ్బు మన కుటుంబాలకు కొత్తది కాదు. ఇహ్రామ్ స్థితిలో సువాసన నిషిద్ధం గనుక హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు అలాంటి సబ్బునే వెతికి వెంట తీసుకుపోతారు. పాలస్తీనాలోని నాబ్లస్ పట్టణంలో తరతరాలుగా తయారయ్యే సబ్బులో ఆలివ్ నూనె, నీరు, క్షారం తప్ప మరేమీ ఉండదు. కోసిన బిళ్లలను అక్కడ గాలి ఆడేలా గోపురాల ఆకారంలో పేర్చి నెలల తరబడి ఆరబెడతారు. 2024 డిసెంబరులో యునెస్కో ఈ విద్యను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సిరియాలోని అలెప్పో సబ్బుకూ అప్పుడే ఆ గుర్తింపు లభించింది. అన్నట్టు, ఉర్దూ ‘సాబున్’, తెలుగు ‘సబ్బు’ ఒకే కుటుంబపు మాటలు.

ఆలివ్ నూనె ఖరీదు మనకు భారమే గాని, ఇంట్లో చేసుకోవడానికి మన అంగళ్లలో దొరికే నూనెలు చాలు. కొబ్బరినూనె 150 గ్రాములు, పామాయిల్ 250 గ్రాములు, ఆముదం 50 గ్రాములు, శుద్ధి చేసిన పత్తి గింజల నూనె 50 గ్రాములు తీసుకోవాలి. మొత్తం అర కిలో. దీనికి కాస్టిక్ సోడా 70 గ్రాములు, నీరు 150 గ్రాములు. ఈ లెక్కలో సుమారు 8 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలి చర్మానికి మృదుత్వాన్నిస్తుంది. కొబ్బరినూనె పెంచితే నురుగు పెరుగుతుంది గాని చర్మం పొడిబారుతుంది. పత్తి గింజల నూనె మన నేల పంట కదా అని ఎక్కువగా పోయడమూ తగదు. ఆ సబ్బు త్వరగా నారింజరంగు మచ్చలు తేలి చిక్కు వాసన కొడుతుంది. పచ్చి పత్తినూనెను కాస్టిక్ సోడాతోనే శుద్ధి చేస్తారు, ఆ క్రమంలో మిగిలే మడ్డి సబ్బుల తయారీకే పోతుంది. నూనెలలో ఏ ఒక్కటి మార్చినా కాస్టిక్ సోడా లెక్క మారుతుంది. కప్పులతో, చెంచాలతో కొలవరాదు. గ్రాము వరకూ చూపే తూనిక తప్పనిసరి.

కాస్టిక్ సోడాను మేము తేలికగా ప్రస్తావించి వదిలేయలేము. అది చర్మాన్ని, కంటిని కాల్చివేస్తుంది. చేతి తొడుగులు, కంటి అద్దాలు, నిండు చేతుల దుస్తులు లేకుండా ఈ పనికి దిగవద్దు. పిల్లలు నిద్రపోయిన తరువాతో, బడికి వెళ్లిన తరువాతో పెట్టుకోవాలి. ఎప్పుడూ నీటిలోనే సోడాను కొంచెం కొంచెంగా వేయాలి. సోడా మీద నీరు పోస్తే ఎగజిమ్ముతుంది. మనం ‘సిల్వర్ గిన్నెలు’ అని పిలిచే అల్యూమినియం పాత్రలు పనికిరావు. సోడా వాటిని తినివేస్తూ మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. స్టీలు పాత్ర వాడి, దాన్ని ఇక వంటకు తీసుకోకుండా పక్కన ఉంచాలి. ఒంటి మీద పడితే నిమ్మరసం, వెనిగర్ పూయవద్దు. ధారగా పారే నీటితో కనీసం 20 నిమిషాలు కడిగి, వైద్యుని వద్దకు వెళ్లాలి. కంట్లో పడితే కడుగుతూనే బయలుదేరాలి.

సోడా నీరు, గోరువెచ్చని నూనెలు రెండూ సుమారు 40 డిగ్రీలకు వచ్చాక ఆ నీటిని నూనెలో సన్నగా పోస్తూ కలపాలి. చేతి బ్లెండరుతో నిమిషాల్లోనే, కవ్వంతో చాలాసేపటికి మిశ్రమం చిక్కని గంజిలా అవుతుంది. గరిటెతో పైనుంచి జార్చిన ధార కాసేపు గీతగా నిలిస్తే సిద్ధమైనట్టు. రంగు, పసుపు, పాలు, తేనె ఏవీ అవసరం లేదు. నూనె కాగితం పరిచిన చెక్క పెట్టెలో పోసి, ఒకటి రెండు రోజులకు తొడుగులతోనే తీసి కోసి, నీడలో గాలి తగిలేచోట 4 నుండి 6 వారాలు ఆరనివ్వాలి. నవంబరులో పోస్తే కల్లాల నాటికి అందుతుంది. వానాకాలంలో పోసిన బిళ్లలకు చెమట పడుతుంది. అది గాలిలోని తేమను గ్లిజరిన్ పీల్చడం వల్లనే. పెద్ద కర్మాగారాలు ఈ గ్లిజరిన్‌ను తరచూ వేరు చేసి అమ్ముకుంటాయి, ఇంటి సబ్బులో అది అలాగే ఉండిపోతుంది.

ఇంత చెప్పినా, ఇది మందు కాదు. నిజమైన సబ్బు ఏదైనా క్షార గుణం కలదే. దాని పీహెచ్ 9–10 ఉంటుంది, మన చర్మానిది 5 పరిసరాల్లో. తామర వంటి వ్యాధులున్న వారికి చర్మ వైద్యులు సబ్బు కాని, తక్కువ పీహెచ్ గల బిళ్లలను సూచించవచ్చు. వారికి ఆ మాటే శిరోధార్యం. మిగిలిన వారు కడుక్కున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని వ్యాజిలిన్ రాసుకుంటే సబ్బు చేయలేని మేలు అది చేస్తుంది.

బయట కొనేవారు పొట్టం మీద టీఎఫ్‌ఎం, అనగా మొత్తం కొవ్వు పదార్థం ఎంతో చూడాలి. మన దేశపు ప్రమాణాల ప్రకారం మొదటి శ్రేణి టాయిలెట్ సబ్బులో అది కనీసం 76 శాతం. ‘బాతింగ్ బార్’ అని రాసినదానిలో 40 శాతమున్నా చాలు. ఇంట్లో చేసినది బంధువులకు ఇచ్చుకోవడం వేరు, అమ్మకం వేరు. అమ్మదలచిన మహిళా సంఘాలు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుండి తయారీ లైసెన్సు పొందాలి.