తల పక్కన బొమ్మ, బొమ్మలో పేరు

మెక్సికోలో పొపోకాతెపెత్ల్ అగ్నిపర్వతానికి దగ్గర్లో, ప్యూబ్లా రాష్ట్రంలో, వెహోత్సింగో అనే పాత ఊరుంది. అక్కడి 16వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ మఠం 1994లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఆ ఊరి అపురూపమైన ఆస్తి మాత్రం పారిస్‌లో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అది 1560 నాటి జనాభా లెక్కల పుస్తకం. పేరు ‘మత్రికులా దె వెహోత్సింకో’. పన్ను ఎవరెవరు కట్టాలో తేల్చడానికి స్పెయిన్ పాలనలో తయారైన దస్త్రం. పన్ను భారం మోయలేకపోతున్నామంటూ ఊరి పెద్దలు రాజు రెండో ఫిలిప్‌కు తమ నహువాట్ల్ భాషలో మొరపెట్టుకున్నదీ ఆ ఏడాదే.

చాలా పుటల్లో వరుసగా చిన్న చిన్న తలలు. ఒక్కో తల ఒక్కో మనిషి. దాని పక్కన అతని పేరు చెప్పే బొమ్మ, అదే పేరు రోమన్ లిపిలో. డాలూ ఆయుధమూ కనిపిస్తే అతను యావొత్ల్, అంటే శత్రువు. ముసలివాళ్ల ముఖాన ముడతలు, వితంతువుల చెంపల మీద కన్నీళ్లు. రాజుల పేర్లు ఎలాగోలా మిగులుతాయి. ఈ పన్ను లెక్క మొక్కజొన్న పండించుకునే రైతు పేరును కూడా ఇంత శ్రద్ధగా గీసిపెట్టింది.

అర్థాన్ని గీయడం కుదరని చోట ఆ కాలపు చిత్రకారులు శబ్దాన్ని పట్టుకునేవారు. స్పెయిన్ రాజప్రతినిధి మెండోసా పేరుకు ఏ బొమ్మ గీయాలి? ‘తెల్లెరియానో-రెమెన్సిస్’ అనే మరో చిత్రగ్రంథంలో ఒక కిత్తలి మొక్క, బొరియలు తవ్వే ఒక జంతువు కనిపిస్తాయి. కిత్తలి ‘మెత్ల్’, జంతువు ‘తోసాన్’. మొదటిదాంట్లోంచి ‘మె’, రెండోదాంట్లోంచి ‘తోసా’ తీసుకుంటే ‘మెతోసా’. నహువాట్ల్‌లో ‘డ’ శబ్దం లేదు కాబట్టి వాళ్ల నోట ఆ దొర పేరు దాదాపు అలాగే పలికేది! ఇలాంటి శబ్దచిత్రాల సంగతిని ఫ్రెంచి పండితుడు ఓబాఁ 1849లోనే బయటపెట్టాడు. ఇవి పూర్తిస్థాయి లిపి అవునా కాదా అన్న వాదం ఇంకా సాగుతూనే ఉంది. మత్రికులా పుటలు చూశాక అవుననే అనిపిస్తుంది.

ప్యూబ్లా విమానాశ్రయం ఉన్నది వెహోత్సింగో పరిధిలోనే, కాబట్టి మఠానికి చేరడం సులువు. పుస్తకం కోసం పారిస్ వెళ్లనక్కర్లేదు. ఫ్రాన్స్ గ్రంథాలయం వారి ‘గాలికా’ వెబ్‌సైట్‌లో పుటలన్నీ ఉచితంగా చూడొచ్చు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం రూపొందించిన చిత్రనిఘంటువు పక్కన పెట్టుకుని, ముందు బొమ్మ చదివి, ఆ తర్వాతే రోమన్ అక్షరాలతో సరిచూసుకోవాలి.