మునకకు దీవిని ఎంచుకొనుట

సెలవులు దగ్గరపడగానే మన యిండ్లలో ఊటీ, కొడైకెనాలు, రామేశ్వరము అను మూడు పేర్లే వినబడుచుండును. ఇటీవల పై తరగతుల పిల్లలు నాల్గవ మాట నొకటి చేర్చుచున్నారు. అది స్కూబా. గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకొని, నోటితో ఆ గాలినే పీల్చుచు, కడలి లోపల చేపల నడుమ సంచరించు వినోదమిది. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను నిరువురు దీనికి తగిన సాధనమును నిర్మించిరి. ఏ దీవికి పోవలెనని పిల్లలు అడుగగా, పెద్దలు రంగుల బొమ్మలను, టిక్కెట్టు ధరలను చూచి నిర్ణయించుచున్నారు. అంతకంటె ముందు చూడవలసినవి వేరే కలవు.

సముద్రమున మునుగుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మధుర నుండి తూత్తుకుడి ఒక్క పూట ప్రయాణము. ఆ తీరపు ముత్యముల ప్రసిద్ధి ఎంత పాతదనగా, కౌటిల్యుని అర్థశాస్త్రమునందే పాండ్యకవాటపు ముత్యములు పేర్కొనబడినవి. మన పూర్వులను ఈ సీమకు తెచ్చిన నాయక రాజుల కాలమున ముత్యపు వేటలో వాటా రాజ్యమునకు గొప్ప రాబడి. తమిళులు సలాబము అని పిలుచు ఆ వేటలో పరవరు కులపు మునకగాండ్రు త్రాటికి కట్టిన రాతిపై కాలూని అడుగునకు దిగి, ఊపిరి బిగబట్టి, చేతికందిన చిప్పలను సంచిలో వేసికొని పైకి వచ్చెడివారు. తూత్తుకుడిలో కడపటి వేట 1961లో జరిగినది. చిప్పలు తరిగిపోవుటచే అటుపిమ్మట అది నిలిచిపోయినది.

ఆ తీరముననే, పాంబను మొదలు తూత్తుకుడి వరకు, మన్నారు సింధుశాఖలో 21 చిన్న దీవులు వరుసగా నున్నవి. చుట్టును పగడపు దిబ్బలు. ఇంత సమీపమున దీవులుండగా దూరమేల యని కొందరు అడుగుదురు. 1986లో ఇవి సముద్ర జాతీయోద్యానముగా ప్రకటింపబడినవి. అటవీ శాఖ అనుమతి లేనిదే ఆ దీవులపై అడుగిడరాదు. వినోదపు మునకలకు అవి తగిన చోటు కాదు. ఈ కట్టుబాటు ఊరక వచ్చినది కాదు. సున్నమునకును, కట్టడములకును అచ్చటి పగడమును పలుగులతో పెకలించి పడవలకెత్తి ఏండ్ల తరబడి తరలించిరి. అలలను అడ్డగించు దిబ్బ పోయిన వెనుక దీవి నిలువదు. విలాంగుచల్లి, పూవరసన్‌పట్టి అను రెండు దీవులు నీట మునిగిపోయినవి. పగడములకు 2001 నుండి వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలు రక్షణ కలదు; ఒడ్డున దొరికిన ఎండు ముక్కనైనను ఇంటికి తెచ్చుట నేరమే. కావున తక్కిన దీవులను ఒడ్డు నుండి చూచి సంతోషింతము.

ఇక మిగిలినవి ముఖ్యముగా రెండు: పడమట లక్షదీవులు, తూర్పున అండమానులు. కర్ణాటకమున మురుడేశ్వరము ఎదుట నేత్రాణి యను రాతి దీవియు కలదు గాని, అక్కడ నివాసము లేదు. పడవలో పోయి ఆ పూటనే తిరిగి రావలెను.

లక్షదీవులు పగడమే పేరుకొని ఏర్పడినవి. దీవిని ఆనుకొని లోతు తక్కువైన మడుగు, దాని వెలుపల దిబ్బ, ఆపై అగాధము. మడుగులో అల పెద్దగా ఉండదు గనుక తొలిసారి దిగు పిల్లలకు ఇంతకంటె మంచి చోటు అరుదు. కోయంబత్తూరు వారికి కొచ్చి దగ్గర. అచ్చటి నుండి ఓడ 14 మొదలు 18 గంటలలో చేర్చును, అగత్తికి విమానమును కలదు. కద్మత్, బంగారము, కవరత్తి మునకలకు పేరు పొందినవి. మన దేశస్థులైనను ముందుగా అనుమతి పత్రము పొందవలెను. మలయాళము పలుకు ఆ దీవులలో మినికాయి ఒక్కటే మహల్ అను వేరు భాషను నిలుపుకొన్నది. మనవంటి వారు అచ్చటను ఉన్నారన్నమాట!

అండమానులు వేరు విధము. కొండలు, దట్టమైన అడవులు, వాని అంచున పగడపు దిబ్బలు. 2018 వరకు హావెలాక్ అనబడిన స్వరాజ్ ద్వీపమున మునక నేర్పు కేంద్రములు పెక్కు గలవు. చెన్నపట్నము నుండి విమానమున రెండు గంటలకు మించిన ప్రయాణము; ఓడలోనైనచో సుమారు మూడు దినములు. 2011 జనగణన ప్రకారము అచ్చట నూటికి 13 మంది తెలుగువారు. సంతలో మన మాట వినబడినచో ఆశ్చర్యపడ నక్కరలేదు.

పంచాంగమును మరువరాదు. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనమువలన రెండు చోట్లను కడలి కల్లోలముగా నుండును. త్రైమాసిక పరీక్షల సెలవులు అప్పటికి చాలా తొందర. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతమున తుపానుల భయము. అర్ధసంవత్సర పరీక్షల సెలవులు రెంటికిని అనుకూలమే గాని, ఆ కొద్ది దినములలో అండమానునకు ఓడలో పోయి వచ్చుట పొసగదు. ఏప్రిలు, మే నెలలలో నీరు వేడెక్కును. వేడి మితిమీరినప్పుడు పగడపు జీవులు తమలో నివసించుచు ఆహారమిచ్చు సూక్ష్మమైన నాచును వెడలగొట్టి తెల్లబడిపోవును. 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో మన సముద్రములందు ఇట్లు జరిగినది. కావున బొమ్మలోని దిబ్బ ఏ సంవత్సరముదో అడుగుట మంచిది.

దేహమునకు సంబంధించిన సంగతి అన్నిటికంటె ముఖ్యము. నీటిలో 10 మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు ఒత్తిడి అదనముగ చేరును. ముత్యపు మునకగాడు ఒడ్డుమీది ఊపిరితోనే దిగి దానితోనే వచ్చెడివాడు. అది లోపల అణగి, పైన యథాస్థితికి వచ్చెడిది. స్కూబాలో అట్లు కాదు. అడుగున పీల్చునదే అణగిన గాలి. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చి, బిగబట్టి పైకి వచ్చినచో ఆ గాలి రెండింతలుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. ఎప్పుడును ఊపిరి ఆపరాదనునది అందుకే మొదటి పాఠము. అంతేకాక గాలిలోని నత్రజని రక్తమున కరగి మెల్లగా బయటికి పోవలెను. తొందరపడి ఎత్తునకు పోయినచో బుడగలై బాధించును. ఒక్క మునక తరువాత కనీసము 12 గంటలు, పలు దినములు మునిగినచో 18 గంటలు విమానమెక్కరాదు. మనవారు మరచునది మరియొకటి: విమానములోని గాలి 2,000 మీటర్ల పైచిలుకు కొండమీది గాలివంటిదే, ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. దీవి నుండి దిగి నేరుగా కొండకు కారెక్కుటయు అంతే ప్రమాదము. కొచ్చికి ఓడలో తిరిగివచ్చు వారికి ఈ గంటలు చాలవరకు సముద్రముపైననే గడచిపోవును. ఆలస్యమైన ఓడకు ఇదొక లాభము.

సాధారణముగా పదేండ్లు నిండనివారిని సముద్రమున దింపరు. పన్నెండేండ్లలోపు వారికి 12 మీటర్లే హద్దు. ఉబ్బసము, మూర్ఛ, చెవిపోటు గలవారు వైద్యుని అడుగక దిగరాదు. జలుబు చేసిన నాడు ఎవ్వరును దిగరాదు.

నీటి అడుగున తెలుగు లేదు, తమిళము లేదు; అందరిదియు చేసైగల భాషయే. అచ్చట బొటనవ్రేలు పైకి చూపినచో బాగున్నదని కాదు, పైకి పోవుదమని అర్థము. బాగున్నదనుటకు బొటనవ్రేలును చూపుడు వ్రేలును సున్నగా కలుపవలెను. కాని ఈ సైగలను, ఊపిరి నియమమును ఒడ్డుమీద నేర్పునది మాటలతోనే. అది తరచుగా హిందీయో ఆంగ్లమో. అర్థము కాకున్నను తల ఊపుట మన పిల్లలకు వాడుక, తరగతిలో నేను నిత్యము చూచుచున్నదే. తమిళమైనను తెలిసిన శిక్షకుడు ఉన్నాడా యని ముందే వ్రాసి తెలిసికొనుడు. పడవ ఎక్కుటకు ముందు పిల్లవానిని ప్రక్కకు పిలిచి, చెవులు ఎట్లు సరిచేసికొందువు, ఊపిరి ఏమి చేయుదువు, పైకి ఎంత మెల్లగా వత్తువు అని అడిగి, ఇంటి తెలుగులో సమాధానము చెప్పించుకొనుడు. చెప్పలేకపోయినచో ఆ దినము మడుగులో ఈత కొట్టించి, మునకను మరునాటికి వాయిదా వేయుడు.