రాస్ - మాన్సన్ ఉత్తర ప్రత్యుత్తరాలు

రాస్ - మాన్సన్ ఉత్తర ప్రత్యుత్తరాలు అనగా మలేరియా పరిశోధకులైన సర్ రోనాల్డ్ రాస్ (1857 - 1932), సర్ పాట్రిక్ మాన్సన్ (1844 - 1922) ఒకరికొకరు వ్రాసుకొన్న లేఖల సముదాయం. వీటిలో ముఖ్యమైనవి 1895 - 1899 మధ్య కాలానికి చెందినవి. రాస్ భారతదేశంలోని సికింద్రాబాదు, బెంగుళూరు, ఊటీ, కలకత్తా మొదలగు ప్రదేశాల నుండి వ్రాయగా, మాన్సన్ లండన్ నుండి జవాబులు వ్రాశాడు. మలేరియా జ్వరం దోమల ద్వారా వ్యాపిస్తుందన్న సత్యం ఏ విధంగా, ఎన్ని పొరపాట్ల తరువాత బయటపడిందో తెలుసుకొనుటకు ఈ లేఖలు ప్రధానమైన ఆధారం. వైద్య పత్రికలలో అచ్చయిన వ్యాసాలలో ఫలితం మాత్రమే కనిపిస్తుంది. ఈ ఉత్తరాలలో ఆ ఫలితానికి ముందు గడచిన కాలమంతా కనిపిస్తుంది.

నేపథ్యం

చలిజ్వరం, మన్యపు జ్వరం అని తెలుగువారు పిలుచుకొనే మలేరియా చెడు గాలి వలన, బురద నేలల నుండి వెలువడే ఆవిరి వలన వస్తుందని చాలాకాలం నమ్మేవారు. 1880లో అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ పట్టణంలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, రోగుల రక్తంలో ఒక పరాన్నజీవిని కనుగొన్నాడు. అయితే అది ఒక మనిషి నుండి మరొక మనిషికి ఎలా చేరుతుందో తెలియలేదు.

మాన్సన్ స్కాట్లండ్ దేశస్థుడు. చైనాలోని అమోయ్ రేవు పట్టణంలో వైద్యునిగా ఉన్నపుడు, 1877లో, బోదకాలు వ్యాధిని కలిగించే సన్నని పురుగులు (ఫైలేరియా) రోగి రక్తంతో పాటు దోమ కడుపులోకి వెళ్ళి అక్కడ పెరుగుతాయని కనుగొన్నాడు. లండన్ చేరుకొన్న తరువాత మలేరియా విషయంలో కూడా ఇలాగే జరుగుతుండవచ్చునని ఊహించి, 1894 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు.

రాస్ అల్మోరాలో జన్మించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో సెలవుపై లండన్ వెళ్ళినపుడు మాన్సన్‌ను కలుసుకొన్నాడు. లావెరాన్ చెప్పిన పరాన్నజీవిని అంతవరకు స్వయంగా చూడలేకపోయిన రాస్‌కు మాన్సన్ దానిని సూక్ష్మదర్శినిలో చూపించాడు. దోమ గురించిన తన ఊహను కూడా వివరించాడు. భారతదేశానికి తిరిగి వెళ్ళి ఆ ఊహను పరీక్షించే పనిని రాస్ స్వీకరించాడు. 1895లో ఆయన పంతొమ్మిదవ మద్రాసు పదాతి దళానికి వైద్యునిగా సికింద్రాబాదుకు వచ్చాడు. అప్పటి నుండి ఉత్తరాలు క్రమంగా నడిచాయి.

ఉత్తరాల స్వరూపం

ఆ రోజులలో భారతదేశం నుండి ఇంగ్లండుకు టపా ఓడలో వెళ్ళేది. ఒక ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు పట్టేది. ఒక ప్రశ్నకు జవాబు రావాలంటే నెల దాటేది. కాబట్టి రాస్ జవాబు కొరకు ఎదురుచూడకుండా ఉత్తరం వెంట ఉత్తరం వ్రాసేవాడు. ఏ రోజు ఎన్ని దోమలను కోసి చూశాడో, వాటిలో ఏమి కనిపించిందో, ఏమి కనిపించలేదో వివరంగా తెలిపేవాడు. తాను చూసినవాటి బొమ్మలు కూడా గీసి పంపేవాడు. మాన్సన్ సలహాలు ఇచ్చేవాడు, ధైర్యం చెప్పేవాడు, రాస్ పంపిన సంగతులను లండన్‌లోని వైద్యులకు తెలియజేసేవాడు. త్వరపడకపోతే ఫ్రాన్సు, ఇటలీ దేశాలవారు ఈ సిద్ధాంతాన్ని మొదట వెక్కిరించి, తరువాత అంగీకరించి, చివరకు తమదేనని చెప్పుకొంటారని 1895లోనే హెచ్చరించాడు.

పరిశోధన విషయాలతో పాటు ఉద్యోగంలోని చిక్కులు, బదిలీలు, పై అధికారుల పట్ల అసంతృప్తి కూడా రాస్ ఉత్తరాలలో ఉన్నాయి.

దారి తప్పిన ఊహలు

ఈ ఉత్తరాల వలన తెలిసే ముఖ్యమైన సంగతి ఏమంటే, గురుశిష్యులిద్దరూ రెండు సంవత్సరాలకు పైగా పొరపాటు దారిలో నడిచారు. అందుకు కారణాలు మూడు.

మొదటిది నీటి సిద్ధాంతం. దోమ ఒక్కసారే రక్తం త్రాగి, నీటిపై గుడ్లు పెట్టి చనిపోతుందని మాన్సన్ నమ్మాడు. దాని శరీరంలోని పరాన్నజీవులు నీటిలో కలుస్తాయని, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుందని భావించాడు. ఈ మాటను అనుసరించి రాస్ రోగుల రక్తం త్రాగిన దోమలను నీటిలో ఉంచి, ఒప్పుకొన్న కొందరిచేత ఆ నీటిని త్రాగించాడు. మొదట ఒకరికి స్వల్పంగా జ్వరం రాగా ఊహ నిజమైనదని సంతోషించాడు. కాని మళ్ళీ మళ్ళీ చేసినపుడు అలా జరుగలేదు. దోమ కాటు వలననే వ్యాధి వస్తుందేమోనన్న ఆలోచన 1896 నాటి రాస్ ఉత్తరాలలో కనిపిస్తుంది.

రెండవది కశాభాల అర్థం. మలేరియా రోగి రక్తాన్ని శరీరం నుండి తీసిన కొద్దిసేపటికి, అందులోని అర్ధచంద్రాకారపు కణాలు గుండ్రంగా మారి, కొన్నింటి నుండి కొరడాల వంటి పోగులు (కశాభాలు) బయటకు వస్తాయి. ఇవి దోమలో పెరిగే బీజాలని మాన్సన్ భావించి, వాటి వెంటపడమని రాస్‌కు సలహా ఇచ్చాడు. నిజానికి అవి పురుష బీజకణాలు. అవి స్త్రీ బీజకణంతో కలుస్తాయని 1897లో అమెరికాలోని బాల్టిమోరులో మెకలం అనే యువకుడు పక్షుల రక్తంలోని పరాన్నజీవులలో చూశాడు.

మూడవది దోమల జాతి. రాస్ ఇంతకాలం కోసి చూసినవి ఎక్కువగా క్యూలెక్స్, ఏడిస్ జాతులవి. మనుషులకు వచ్చే మలేరియా పరాన్నజీవి వాటిలో పెరగదు. ఎంత ఓపికతో వెదకినా లేనిది కనిపించదు. దోమల జాతులను గుర్తించే గ్రంథాలు అప్పటికి రాస్‌కు అందుబాటులో లేవు. అందువలన ఆయన దోమలకు రంగును, మచ్చలను బట్టి సొంతపేర్లు పెట్టుకొన్నాడు.

1897 వేసవిలో ఊటీ సమీపంలోని సీగూరు కనుమ ప్రాంతంలో పరిశోధన చేస్తుండగా రాస్‌కు కూడా మలేరియా సోకింది.

సికింద్రాబాదులో ఆవిష్కరణ

1897 జూన్‌లో రాస్ సికింద్రాబాదుకు తిరిగి వచ్చాడు. ఆగష్టు నెలలో ఆయన సహాయకులు, రెక్కలపై మచ్చలు కలిగిన మరొక రకం దోమలను గుడ్ల దశ దాటిన పిల్ల పురుగులుగా తెచ్చి పెంచారు. ఇవి తరువాత అనాఫిలిస్ జాతికి చెందినవని తేలింది. ఆగష్టు 16న ఈ దోమలను హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి చెల్లించారు.

అది ఉక్కపోత కాలం. పంకా ఆడిస్తే దోమలు చెదిరిపోతాయని రాస్ పంకా లేకుండానే పనిచేసేవాడు. చెమట వలన సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, దాని కంటి కటకం పగిలి ఉంది. ఆగష్టు 20న, రక్తం త్రాగి నాలుగు రోజులైన ఒక దోమను కోసి చూడగా, దాని కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. వాటి లోపల మలేరియా పరాన్నజీవిలో ఉండే నల్లని రేణువుల వంటివే ఉన్నాయి. మరునాడు మిగిలిన చివరి దోమను కోయగా అవే కణాలు ఇంకా పెద్దవిగా కనిపించాయి. అనగా అవి పెరుగుతున్నాయి. వీటినే ఇప్పుడు ఊసిస్టులు అంటారు.

రాస్ ఈ సంగతిని మాన్సన్‌కు తెలిపి, తాను తయారుచేసిన నమూనాలను ఇంగ్లండుకు పంపాడు. అతని వ్యాసం 1897 డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, నమూనాలను చూసిన మాన్సన్ మొదలైనవారి అభిప్రాయాలతో కలిపి అచ్చయినది. ఆగష్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినంగా జరుపుకొంటారు. రాస్ పనిచేసిన బేగంపేటలోని భవనంలో తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవశాస్త్ర సంస్థ నెలకొన్నది.

ఖేర్వాడా, కలకత్తా

ఆవిష్కరణ జరిగిన కొద్దికాలానికే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులు అరుదు. పని ఆగిపోయిందని రాస్ ఆవేదనతో వ్రాయగా, మాన్సన్ లండన్‌లోని అధికారులతో మాట్లాడి అతనిని ప్రత్యేక పరిశోధనకు నియమించేలా ప్రయత్నించాడు. 1898 ఫిబ్రవరిలో రాస్ కలకత్తా చేరుకొన్నాడు. ఆ సమయంలో ప్లేగు టీకాల భయం వలన ప్రజలు వైద్యుల దగ్గరకు రావడానికి జంకేవారు. అందువలన రాస్ పక్షులకు వచ్చే మలేరియాను తీసుకొని పరిశోధించాడు. ఇందులో మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు అతనికి తోడ్పడ్డాడు.

1898 జూలైలో, దోమ కడుపు గోడలోని కణాలు పగిలి, వాటి నుండి వెలువడిన సూక్ష్మరూపాలు (స్పోరోజాయిట్లు) దోమ లాలాజల గ్రంథులకు చేరుతాయని రాస్ కనుగొన్నాడు. అటువంటి దోమలు కుట్టిన ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు వ్యాధి సోకింది. దీనితో నీటి సిద్ధాంతం తొలగిపోయి, కాటు ద్వారానే వ్యాధి వస్తుందని పక్షుల విషయంలో ఋజువైనది. మాన్సన్ ఈ వార్తను అదే నెల చివర ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సమావేశంలో ప్రకటించాడు.

వివాదాలు

1898 చివరలో ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాసి, బిగ్నామి, బాస్టియనెల్లి మనుషుల మలేరియా పరాన్నజీవి అనాఫిలిస్ దోమలో పూర్తిగా పెరిగే విధానాన్ని వివరించారు. ఆవిష్కరణ ఎవరిదన్న విషయమై రాస్, గ్రాసిల మధ్య తీవ్రమైన వివాదం చెలరేగి చాలా సంవత్సరాలు కొనసాగింది. ఈ తగవులో ఉత్తరాలే సాక్ష్యాలయ్యాయి. ఇటలీవారి పని గురించి ఎడ్మన్‌స్టన్ చార్లెస్ అనే వైద్యుడు రోమ్ నుండి తనకు వ్రాసిన లేఖలను కూడా రాస్ అచ్చువేయించాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే లభించింది.

కాలక్రమంలో మాన్సన్‌తో కూడా రాస్ స్నేహం చెడింది. తన కృషికి తగిన గుర్తింపు పూర్తిగా రాలేదని రాస్ భావించేవాడు. 1912లో మాన్సన్ వ్రాసిన ఒక ఉత్తరం విషయమై వ్యవహారం పరువునష్టం తగాదా వరకు వెళ్ళింది. ఉత్తరాలతో పెరిగిన స్నేహం ఒక ఉత్తరంతోనే దెబ్బతిన్నది.

పత్రాల భద్రత

రాస్ తన కాగితాలను ఎంతో జాగ్రత్తగా దాచుకొన్నాడు. 1923లో ప్రచురించిన స్వీయచరిత్రలో ఈ ఉత్తరాల భాగాలను విరివిగా చేర్చాడు. 1928లో, భార్యాబిడ్డల పోషణకు ధనం అవసరమని తెలుపుతూ, తన పత్రాలను అమ్ముతానని సైన్స్ ప్రోగ్రెస్ పత్రికలో ప్రకటించాడు. లేడీ హ్యూస్టన్ అనే దాత వాటిని 2000 పౌండ్లకు కొన్నది. ఈ పత్రాలు లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లోను, గ్లాస్గోలోని రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ అండ్ సర్జన్స్‌లోను భద్రపరచబడినవి. వీటిలో మొదటి సంస్థ 1899లో మాన్సన్ కృషితో ప్రారంభమైన పాఠశాల నుండి ఏర్పడినదే. రాస్, మాన్సన్‌ల లేఖలను బైనమ్, ఓవరీ అనే చరిత్రకారులు సంకలనం చేసి 1998లో "ది బీస్ట్ ఇన్ ది మస్కిటో" అనే పేరుతో గ్రంథంగా వెలువరించారు.

ప్రాముఖ్యత

ఈ ఉత్తరాలు మూడు విధాల ఉపయోగపడుతున్నాయి. మొదటిది, ఎవరు ఏ రోజు ఏమి చూశారన్నది తేదీలతో సహా తెలుస్తుంది. రెండవది, తప్పు ఊహ కూడా పరిశోధనను ముందుకు నడపగలదని తెలుస్తుంది. నీటి సిద్ధాంతం, కశాభాల అర్థం రెండూ పొరపాటే అయినా, దోమ కడుపులో వెదకమన్న మాన్సన్ మూలసూచన సరియైనది. ఆ సూచన లేకపోతే రాస్ దోమలను కోసేవాడు కాదు. రాస్ ఓపిక లేకపోతే ఆ సూచన ఊహగానే మిగిలేది.

మూడవది, ఈ పనిలో పాలుపంచుకొన్న భారతీయుల జాడ కొంతవరకు దొరుకుతుంది. దోమలను పట్టి పెంచిన సహాయకులు, వాటిచేత కుట్టించుకొన్న రోగులు, వాటిని ఉంచిన నీటిని త్రాగినవారు రాస్ వ్రాతలలో అక్కడక్కడ కనిపిస్తారు. అయితే ఆ భద్రపరచిన లేఖలు వైద్యులవి. హుసేన్ ఖాన్ ఆ రోజులను గురించి ఏమనుకొన్నాడో వాటి వలన తెలియదు. అతని పేరు, అతనికి ముట్టిన అణాల లెక్క మాత్రమే చరిత్రకు మిగిలినవి. ఈ ఆవిష్కరణ చరిత్రను చదివేవారు ఇద్దరు వైద్యుల కృషితో పాటు ఈ లోటును కూడా గమనించవలసి ఉంటుంది.