తీరప్రాంతమున శీతల యంత్రములు: అపోహలు – వాస్తవములు

శివరాత్రితో చలి శివశివా యని తరలిపోవునని పెద్దలు చెప్పుదురు. విశాఖపట్టణము మొదలు కాకినాడ, మచిలీపట్నముల మీదుగా నిజాంపట్నము వరకు గల తీరమున హోటళ్ల యజమానులును, బట్టల కొట్ల వర్తకులును, రొయ్యల శీతలాగారములను నడుపువారును తమ యంత్రములను వేసవికి సంసిద్ధము చేసికొనవలసిన సమయము సరిగా అదియే. అయినను ఈ సన్నాహమంతయు ఎండను ఎదుర్కొనుటకే యని తలచువారు పెక్కుమంది. తీరమున గాలిలోని తేమయు, ఉప్పును ఎండకు ఏమాత్రము తీసిపోని శత్రువులని గుర్తింపకపోవుటయే ఈ దిగువ అపోహలలో పెక్కింటికి మూలము.

అపోహ: సముద్రము చేరువనున్నందున ఇచ్చట ఎండ తక్కువ, కావున యంత్రమునకు శ్రమయు తక్కువయే.

వాస్తవము: మధ్యాహ్నమున వీచు సముద్రపు గాలి ఉష్ణోగ్రతను కొంత తగ్గించుమాట నిజమే గాని, ఆ గాలియే తేమను మోసికొని వచ్చును. ఆవిరి ఒక లీటరు నీరుగా మారునప్పుడు వెలువడు వేడి, అంతే నీటిని 0 నుండి 100 డిగ్రీలకు కాచుటకు పట్టు వేడికి అయిదు రెట్లకు మించినది. ఆ భారమంతయు కంప్రెసరు మీదనే పడును. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయము కొరకు రూపొందించిన ఏర్పాటు సైతము కాగితమును పాడుచేయు తేమను అదుపుచేయుటకే ఉద్దేశింపబడినది. కావున ఫిల్టరును కడిగి, నీరు పోవు గొట్టమును నాచు లేకుండ శుభ్రపరచుట సన్నాహమున మొదటి పని. అవసరమునకు మించిన టన్నుల యంత్రమును కొనుటయు పరిష్కారము గాదు. అట్టిది గదిని త్వరగా చల్లార్చి ఆగిపోవుటచే తేమ తొలగక ఉక్క యట్లే నిలిచియుండును.

అపోహ: సముద్రపు గాలి చల్లనిది గనుక బయటి యూనిట్టును దానికి అభిముఖముగా నిలుపుట మేలు; పూత గల ఫిన్లున్నచో కడుగవలసిన పనియే లేదు.

వాస్తవము: అలలు విరిగినప్పుడు లేచిన తుంపరలలోని ఉప్పు సూక్ష్మకణములై గాలిలో పయనించి కాయిలు మీద వాలును, సాపేక్ష ఆర్ద్రత ఇంచుమించు 75 శాతము దాటిన వెంటనే ఆ ఉప్పు గాలిలోని నీటిని తానే పీల్చుకొని ద్రవమగును. రాగి గొట్టమును, దానిని చుట్టియున్న అల్యూమినియపు రేకులును ఆ ఉప్పునీటిలో తడిసినప్పుడు విద్యుద్రసాయనిక చర్య ఆరంభమై, రెండింటిలో బలహీనమగు అల్యూమినియము తెల్లని పొడిగా రాలిపోవును. రేకులు పోయిన కాయిలు వేడిని వెలుపలికి విడువజాలదు. కావున యూనిట్టును గాలి నేరుగా తాకని ప్రక్కనో, గోడ చాటుననో, చుట్టును గాలి యాడుటకు తగిన యెడముంచి అమర్చవలెను. పూత తుప్పును ఆలస్యము చేయునే గాని నివారింపదు. గీతపడిన చోటను, కోతపడిన అంచునను అది లేనట్లే. తీరమునకు మిక్కిలి చేరువనున్నవారు నెలకొక్కసారియైనను, విద్యుత్తును ఆపివేసి, మంచినీటితో మెల్లగా కడిగించుట యుక్తము. ఉప్పదేరిన బోరు నీరు పనికిరాదు. పెద్ద ఒత్తిడితో కొట్టిన ధార ఫిన్లను వంచును. ఆమ్లము వానిని తినివేయును.

అపోహ: ఏటేట వేసవికి ముందు గ్యాసు పట్టించవలెను.

వాస్తవము: శీతలక వాయువు మూసిన గొట్టములలో తిరుగాడునదే గాని ఖర్చయిపోవునది కాదు. అది తగ్గినదనగా ఎచ్చటనో కారుచున్నదని యర్థము. తీరమున ఆ చిల్లికి ఉప్పు తుప్పే తరచుగా హేతువు. చిల్లిని వెదకక పైపైన గ్యాసు నింపుట ధనమును గాలిలో కలుపుటయే యగును. హెచ్చుగా నింపినచో ఒత్తిడి పెరిగి నడివేసవిలో కంప్రెసరు మాటిమాటికి ఆగిపోవును. నైట్రోజనుతో పరీక్షించి, చిల్లిని మూసి, లోపలి గాలిని తోడివేసి, తయారీదారు చెప్పిన తూకమును తక్కెడలో చూచి నింపుటయే పద్ధతి. ఆర్-32 వంటి వాయువు కొంత మండు స్వభావము కలది గనుక ఈ పనిని శిక్షణ పొందిన మెకానికునకే అప్పగింపవలెను.

అపోహ: 16 డిగ్రీలకు తిప్పినచో గది త్వరగా చల్లబడును.

వాస్తవము: సాధారణ యంత్రమున కంప్రెసరు 24 డిగ్రీలకైనను 16 డిగ్రీలకైనను ఒకే వేగముతో నడచును, భేదమెల్ల అది ఆగకుండ నడచు కాలములోనే. విద్యుత్ పొదుపును పర్యవేక్షించు కేంద్ర సంస్థ యగు బీఈఈ నిర్దేశించినట్లు, 2020 జనవరి 1 నుండి స్టార్ గుర్తు గల గది ఏసీలు 24 డిగ్రీల యమరికతోనే వచ్చుచున్నవి. ఒక్కొక్క డిగ్రీ పెంచుటవలన సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని ఆ సంస్థ అంచనా.

అపోహ: శీతలాగారపు కాయిలు మీద మంచు దట్టముగా పేరుకొనుట యంత్రము బాగుగా పనిచేయుచున్నదనుటకు గుర్తు.

వాస్తవము: పేరుకొన్న మంచు చలికి కప్పిన కంబళి వంటిది, లోని చల్లదనమును గాలికి అందనీయదు. తలుపు తెరచినప్పుడెల్ల చొరబడు తీరపు తేమయే ఆ మంచు. తలుపు గ్యాస్కెట్టులోని చీలికలను, తెరల పట్టీలను, మంచు కరగించు హీటర్లను వేసవికి ముందే సరిచూచుకొనవలెను. గడ్డకట్టిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీలకు తక్కువగా నిలువయుంచు గదిలో అప్పుడే పట్టిన సరకును నింపుట మరియొక పొరపాటు. గడ్డకట్టించుట బ్లాస్ట్ ఫ్రీజరు పని, నిలువయుంచుటయే ఆ గది పని.

అపోహ: కూలింగ్ టవరునకు నీరెంత పోసిన అంత చల్లదనము.

వాస్తవము: ఆవిరి యగుటచే చల్లబడు నీరు, గాలిలోని తేమ విధించిన హద్దును దాటి చల్లబడజాలదు, ఉక్క హెచ్చిన దినమున ఆ హద్దు మరింత పైకి పోవును. ఆవిరి యగునది నీరే గాని లవణములు కావు. కావున అవి చిక్కబడి గొట్టములలో పొలుసుకట్టకుండ, కొంత నీటిని నియమముగా వదలి క్రొత్తనీటిని చేర్చవలెను.

ఈ పనులన్నియు ముగిసిన పిమ్మట, వాతావరణము ఇంకను చల్లగా నున్నప్పుడే, యంత్రము పీల్చు ఆంపియర్లను, గ్యాసు ఒత్తిడులను, లోనికి పోవు గాలి, వెలికి వచ్చు గాలి ఉష్ణోగ్రతలను ఒక పుస్తకమున తేదీతో వ్రాసియుంచుట మంచిది. మే నెలలో యంత్రము నీరసించినప్పుడు నాటి అంకెలతో నేటివానిని పోల్చి చూచినచో, లోపము మురికిపట్టిన కాయిలులోనిదో, కారుచున్న గ్యాసులోనిదో, వోల్టేజిలోనిదో మెకానికు ఊహతో పనిలేకయే తేల్చగలడు. యజమానియు అక్కరలేని మరమ్మతునకు సొమ్ము చెల్లింపడు.