థర్మల్ పేస్ట్ మార్పిడి: గడువు కాదు, ఉష్ణోగ్రతే ప్రమాణం

సారాంశం: కంప్యూటర్‌లోని థర్మల్ పేస్ట్‌ను నిర్ణీత గడువుకు మార్చాలన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. గడువుకు బదులు ఉష్ణోగ్రతల నమోదే మార్పిడికి ఆధారం కావాలని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: థర్మల్ పేస్ట్, ప్రాసెసర్, హీట్ సింక్, ఉష్ణవాహకత.

ఉపోద్ఘాతం: మితిమీరి వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. రోజుల తరబడి సాగే పరిశోధన గణనల్లో ఈ లోపం బయటికి కనిపించదు. ఫలితం మాత్రం ఆలస్యమవుతుంది.

పేస్ట్ చేసే పని: నునుపుగా కనిపించే ప్రాసెసర్, హీట్ సింక్ ఉపరితలాల మధ్య సూక్ష్మమైన ఖాళీలుంటాయి. వాటిలోని గాలి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 0.026 వాట్లు, పేస్ట్‌ది కొన్ని వాట్లు, రాగిది దాదాపు 400 వాట్లు. 10 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 0.05 మిల్లీమీటర్ల మందం గల పొర గుండా 100 వాట్ల ఉష్ణం ప్రవహిస్తోందనుకుందాం. 5 వాట్ల వాహకత గల పేస్ట్ అయితే పొరకు ఇరువైపులా భేదం 1 డిగ్రీ. పొరంతా గాలే అయితే లెక్క ప్రకారం 190 డిగ్రీలు దాటుతుంది. అంటే పేస్ట్ గాలికి ప్రత్యామ్నాయమే గాని లోహానికి కాదు. కనుక పలుచని పొరే మేలు.

క్షీణతకు కారణాలు: వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఉపరితలాలు వ్యాకోచ సంకోచాలకు లోనై పేస్ట్‌ను క్రమంగా అంచులకు నెడతాయి. దానిలోని ద్రవం తగ్గి గట్టిపడడం మరొక కారణం.

నిర్ధారణ: ప్రాసెసర్ ఉష్ణోగ్రత నుండి గది ఉష్ణోగ్రతను తీసివేసి చూడాలి. డిసెంబరులో 22 డిగ్రీల గదిలో 70 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, మే నెలలో 37 డిగ్రీల గదిలో 85 చూపితే దోషం పేస్ట్‌ది కాదు. రెండుసార్లూ భేదం 48 డిగ్రీలే. ఒకే పనిభారం, ఒకే ఫ్యాన్ వేగం వద్ద ఈ భేదం పెరుగుతూ పోతే మొదట దుమ్మును తొలగించి, ఫ్యాన్‌ను పరీక్షించాలి. అప్పటికీ తగ్గకపోతే పేస్ట్‌ను మార్చాలి. ఏ కారణంతోనైనా హీట్ సింక్‌ను విప్పితే మాత్రం పాత పేస్ట్‌ను తిరిగి వాడరాదు. పొర చెదిరి గాలి చేరుతుంది.

జాగ్రత్తలు: పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో తుడవాలి. గాలియం కలిసిన ద్రవలోహాన్ని అల్యూమినియం హీట్ సింక్‌పై వాడరాదు. అది అల్యూమినియాన్ని తినివేస్తుంది, విద్యుద్వాహకం కూడా. మెమరీ చిప్‌లపై ఉండే మందపాటి థర్మల్ ప్యాడ్ల స్థానంలో పేస్ట్ పనికిరాదు.

ముగింపు: అవసరం లేకుండా విప్పడంలోనూ ప్రమాదముంది, గట్టిపడిన పేస్ట్‌తో పాటు ప్రాసెసర్ సాకెట్ నుండి ఊడివచ్చి పిన్నులు వంగవచ్చు. కంప్యూటర్ కొత్తగా ఉన్నప్పుడే ఉష్ణోగ్రతా భేదాన్ని నమోదు చేసుకుంటే, తరువాతి నిర్ణయానికి అదే నమ్మదగిన ప్రమాణమవుతుంది.