మోటారు సైకిలు ఐచ్ఛిక అమరికలు, భద్రతా అలారములు

కొత్త మోటారు సైకిలు కొనేటప్పుడు మూల నమూనాతో పాటు అదనపు ధర చెల్లించి ఎంచుకొనే పరికరాలను '''ఐచ్ఛిక అమరికలు''' అంటారు. వీటిలో కర్మాగారంలోనే బిగించి పంపేవి కొన్ని, డీలరు వద్ద బిగించేవి కొన్ని, బయటి మార్కెట్టులో కొని మెకానిక్కు చేత పెట్టించుకొనేవి మరికొన్ని. దొంగతనాన్ని నిరోధించే అలారములు ఈ మూడు మార్గాలలోనూ లభిస్తాయి. ఏ అమరికను ఏ మార్గంలో తీసుకోవాలన్నది కేవలం ధరకు సంబంధించిన విషయం కాదు. వాహనపు వారంటీ, బీమా, రిజిస్ట్రేషను, చివరకు బ్యాటరీ మన్నిక కూడా దానిపై ఆధారపడి ఉంటాయి.

== కర్మాగార అమరికలు ==

ఐరోపాలో కొన్ని ఖరీదైన మోటారు సైకిళ్ళను ఆర్డరు ఇచ్చిన తరువాత తయారు చేస్తారు. జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ వాహనాలకు వేడెక్కే పిడులు, తక్కువ ఎత్తు సస్పెన్షను, సామాను పెట్టెల బిగింపులు, దొంగ అలారము వంటి వాటిని కొనుగోలుదారు ఒక్కొక్కటిగా ఎంచుకొనవచ్చును. ఈ అలారమును ఆ సంస్థ జర్మను పేరులోని పొడి అక్షరాలతో డి.డబ్ల్యు.ఎ. అని వ్యవహరిస్తుంది.

భారతదేశంలో ఈ పద్ధతి తక్కువ. ఇక్కడ ఒకే నమూనాను రెండు మూడు 'వేరియంట్లు'గా అమ్ముతారు. డ్రమ్ము బ్రేకు లేక డిస్కు బ్రేకు, పుల్లల చక్రం లేక అల్లాయ్ చక్రం, ఒక చానెలు లేక రెండు చానెళ్ళ ఏబీఎస్ అన్న తేడాలు వేరియంట్లలోనే ఇమిడి ఉంటాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 2020లో 'మేక్ ఇట్ యువర్స్' పేరుతో రంగులు, సీట్లు, అద్దాలు మొదలైనవి బుకింగు సమయంలోనే ఎంచుకొనే వీలు కల్పించినది. అదే సంవత్సరం మీటియార్ 350 తో పాటు ప్రవేశపెట్టిన 'ట్రిప్పర్' దారి చూపే పరికరాన్ని, 2022లో ఎలక్ట్రానిక్ చిప్పుల కొరత కారణంగా కొన్ని నమూనాలలో ఐచ్ఛికంగా మార్చినది. నిన్న ప్రామాణికంగా వచ్చిన పరికరం నేడు ఐచ్ఛికం కావచ్చునని దీనిని బట్టి తెలుస్తుంది. అందుచేత పాత కరపత్రాన్ని చూసి బుకింగు చేయుట మంచిది కాదు.

ఎంపికలో మొదట చూడవలసినది తరువాత చేర్చుకొనుటకు వీలు లేని వాటిని. వీటిలో ఏబీఎస్ ముఖ్యమైనది. దానికి చక్రపు వేగాన్ని కొలిచే సెన్సారు, బ్రేకు ద్రవపు ఒత్తిడిని నియంత్రించే యూనిట్టు, దానిని నడిపే కంప్యూటరు అవసరం. వీటిని తరువాత బిగించుట ఆచరణలో సాధ్యం కాదు. భారతదేశంలో 125 సి.సి.కి పైబడిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుండి ఏబీఎస్ తప్పనిసరి అయినది. అయితే ఈ నియమానికి ముందు చక్రానికి మాత్రమే పనిచేసే ఏబీఎస్ కూడా సరిపోయినందున, వెనుక చక్రానికి కూడా కావలసినవారు రెండు చానెళ్ళ వేరియంటును ప్రత్యేకంగా కోరవలసి వచ్చినది. డబ్బు మిగిల్చుకొనవలసి వస్తే రంగులో గాని, అలంకారపు గుర్తులలో గాని మిగిల్చుకొనవచ్చును; బ్రేకులలో మిగిల్చుకొనుట తగదు. చిప్పు తాళం చెవి కూడా ఈ కోవకు చెందినదే.

క్రాష్ గార్డు, సీటు కవరు, సామాను సంచులు, మొబైలు చార్జరు వంటివి ఎప్పుడైనా చేర్చుకొనవచ్చును. హైదరాబాదులోని పుత్లీబౌలి వంటి విడిభాగాల మార్కెట్లలో ఇవి విరివిగా దొరుకుతాయి. డీలర్లు వీటన్నింటినీ ఒక ప్యాకేజీగా కలిపి ఆన్ రోడ్ ధరలో చూపుట మామూలే. బిల్లులో ప్రతి వస్తువు ధరను విడివిడిగా అడిగి, అక్కరలేనివి తొలగించమని కోరవచ్చును. చీర రక్షక కవచం, వెనుక కూర్చున్నవారి చేతి పట్టు, కాలు మోపు మాత్రం ఐచ్ఛికాలు కావు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం ప్రకారం, వెనుక సీటు గల మోటారు సైకిలుకు ఇవి ఉండి తీరాలి. ఆ కవచం వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకొని జరిగే ప్రమాదాలను నివారించుటకే ఈ ఏర్పాటు. అందం కొరకు దానిని ఊడదీయించే యువకులు ఆలోచించవలసిన విషయమిది.

== పన్ను, చట్టం ==

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జీవితకాలపు పన్నును వాహనపు ధరలో కొంత శాతంగా లెక్కిస్తారు. కర్మాగార అమరికలతో ధర పెరిగితే పన్ను కూడా ఆ మేరకు పెరుగుతుంది. విడిగా కొన్న వస్తువులకు ఈ భారం ఉండదు.

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారిపోయేటట్లు వాహనాన్ని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ నిబంధనను గట్టిగా సమర్థించినది. సీటు కవరుకో, తాళానికో దీనితో సంబంధం లేదు. ఇంజను, ఛాసిస్ వంటి మౌలిక మార్పులకే ఇది వర్తిస్తుంది.

== తాళములు, ఇమ్మొబిలైజరు ==

హ్యాండిలును ఒక పక్కకు తిప్పి బిగించే తాళం దాదాపు అన్ని మోటారు సైకిళ్ళకూ ఉంటుంది. బలంగా తన్ని దీనిని విరిచి, ఇగ్నిషను వైర్లు కలిపి బండిని నడుపుకొనిపోవుట పాత పద్ధతి. పాతబడిన బండ్ల తాళాలు అరిగిపోయి, వేరొక చెవితో కూడా తెరుచుకొనుట కలదు. తాళపు రంధ్రాన్ని మూసివేసే అయస్కాంతపు మూత ఈ రెండవ బెడదను కొంత తగ్గిస్తుంది.

ఇమ్మొబిలైజరు దీనికంటే ఎంతో మేలైనది. తాళం చెవి పిడిలో బ్యాటరీ అవసరం లేని చిన్న చిప్పు ఉంటుంది. ఇగ్నిషను చుట్టూ ఉన్న తీగచుట్ట ఆ చిప్పుకు రేడియో తరంగాల ద్వారా శక్తినిచ్చి, దానిలోని సంకేతాన్ని చదువుతుంది. సంకేతం సరిపోలకపోతే ఇంజను కంప్యూటరు ఇంజనును నడవనివ్వదు. వైర్లు కలిపినా ప్రయోజనం ఉండదు. హోండా సంస్థ పెద్ద బండ్లలో దీనిని 'హిస్' అని పిలుస్తారు. 2023 జనవరిలో యాక్టివా స్కూటరుకు ఇదే సంస్థ 'స్మార్ట్ కీ' వేరియంటును తెచ్చినది.

దీనికీ పరిమితి ఉన్నది. ఇమ్మొబిలైజరు ఇంజనును ఆపగలదే గాని బండిని కదలకుండా ఆపలేదు. ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ఆటో ట్రాలీలో వేసుకొనిపోతే అది నిస్సహాయమే. చిప్పు చెవులు రెండూ పోగొట్టుకొంటే తాళముల సెట్టును, కొన్ని నమూనాలలో కంప్యూటరును కూడా మార్చవలసి వచ్చి ఖర్చు భారీగా ఉంటుంది. కాబట్టి రెండవ చెవిని, దానితో వచ్చిన సంఖ్య గల బిళ్ళను ఇంటి వద్ద భద్రపరచాలి.

ఎత్తుకొనిపోవుటను కష్టతరం చేసేది స్తంభానికో కమ్మీకో కట్టిన బలమైన గొలుసు. బ్రేకు డిస్కుకు వేసే తాళం చవకైనదే గాని, అది వేసిన సంగతి మరచి బండిని కదిలిస్తే కింద పడుట ఖాయం. అందుకే దానితో పాటు హ్యాండిలుకు తగిలించే రంగు తాడును అమ్ముతారు.

== అలారములు ==

అలారములో కదలికను, వంపును గుర్తించే సెన్సారు, చిన్న కంప్యూటరు, సైరను ఉంటాయి. బండిని స్టాండు నుండి ఎత్తినా, పక్కకు వంచినా సైరను మోగుతుంది. అది అడ్డుకొనగలిగేది వినేవారు ఉన్నచోట మాత్రమే. అపార్టుమెంటు సెల్లారులో కాపలాదారు ఉంటే అలారము బాగా ఉపయోగపడుతుంది. రైల్వేస్టేషను స్టాండులో, వందల బండ్ల మధ్య, దానిని పట్టించుకొనేవారు అరుదు. పిల్లి ఎక్కినా, లారీ పోయినా మోగే అలారమును యజమానే కొన్నాళ్ళకు ఆపివేస్తాడు. కాబట్టి సెన్సారు తీవ్రతను తగ్గించే వీలున్నదో లేదో కొనేముందు చూడాలి.

ఎక్కువమంది గమనించనిది బ్యాటరీ సంగతి. అలారము నిరంతరం కొంత విద్యుత్తును తీసుకొంటుంది. అది 10 మిల్లీ ఆంపియర్లు అనుకొంటే రోజుకు 0.24 ఆంపియర్ గంటలు ఖర్చవుతుంది. 4 ఆంపియర్ గంటల చిన్న బ్యాటరీ ఈ లెక్కన 17 రోజులలో పూర్తిగా ఖాళీ అవుతుంది. ఇంజను స్టార్టు కాని స్థితి అంతకు చాలా ముందే వస్తుంది. కిక్కు లేని బండిని నిలిపి సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చినవారికి ఇది అనుభవంలోకి వస్తుంది. కర్మాగార అలారములు సాధారణంగా ఆ బండి బ్యాటరీని దృష్టిలో ఉంచుకొని రూపొందిస్తారు. చవక అలారములకు ఆ హామీ లేదు.

వైరింగు మరొక చిక్కు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత చిన్న బండ్లలో కూడా కంప్యూటరు నియంత్రణ పెరిగినది. బయటి మెకానిక్కు వైర్లు కోసి అలారము కలిపితే హెచ్చరిక దీపాలు వెలుగుటే గాక, విద్యుత్ భాగాల వారంటీని సంస్థ నిరాకరించవచ్చును. అసలు కనెక్టరులోనే ఇమిడే అలారమును ఎంచుకొనుట మేలు. రిమోటుతో ఇంజనును స్టార్టు చేసే అలారములు మార్కెట్టులో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. బండి గేరులో ఉండగా మీట నొక్కితే అది ముందుకు దూకుతుంది. తాళం చెవి లేకుండా ఇంజను నడిచే మార్గాన్ని కూడా యజమానే తెరిచినట్లవుతుంది. వీటిని కొనకపోవుటే మంచిది.

జి.పి.ఎస్. ట్రాకరు దొంగతనాన్ని ఆపదు, బండి జాడ తెలుపుతుంది. సిమ్ము కార్డు చందా సకాలంలో కట్టకపోతే అదీ పనిచేయదు.

== బీమా ==

2018 సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయినది. అమ్మేటప్పుడు దీనితో పాటు ఒక సంవత్సరపు సొంత నష్ట బీమాను కలిపి ఇచ్చుట పరిపాటి. దొంగతనానికి పరిహారం వచ్చేది ఈ రెండవ దాని నుండే. బీమా ఐదేళ్ళు ఉన్నదన్న భ్రమలో మొదటి సంవత్సరం తరువాత దానిని పునరుద్ధరించనివారు, బండి పోయినప్పుడు ఒక్క రూపాయి కూడా పొందలేరు. ఖరీదైన అలారము కొని ఈ భాగాన్ని వదిలివేయుట తలుపుకు తాళం వేసి గోడను విడిచిపెట్టినట్లే.

తయారీదారు ధరలో చేరని విద్యుత్ పరికరాలను పాలసీలో ప్రత్యేకంగా నమోదు చేయించి, అదనపు ప్రీమియం చెల్లించాలి. లేనిచో బండితో పాటు పోయిన ఆ పరికరాలకు విలువ కట్టరు. పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. ఆమోదించిన దొంగతన నిరోధక పరికరానికి పాత మోటారు టారిఫ్ సొంత నష్ట ప్రీమియంలో 2.5 శాతం తగ్గింపును ఇచ్చినది. ఆమోదపత్రం లేని అలారముకు ఇటువంటిది అడుగుట వృథా.

బండి పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్.ఐ.ఆర్. పొందాలి, బీమా సంస్థకు తెలియజేయాలి. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, బీమా సంస్థకు తెలుపుటలో మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో పరిహారాన్ని తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలో తీర్పునిచ్చినది. పరిహారం కోరినప్పుడు బీమా సంస్థలు సాధారణంగా రెండు తాళం చెవులనూ అడుగుతాయి.