థైరాయిడ్ మాత్ర, మాలా మాత్ర – రెండూ కలిపి వాడవచ్చా?

మన్యంలో గాయిటర్ అనే గొంతు వాపు కొత్తది కాదు. కొండ నేలల్లో అయోడిన్ తక్కువగా ఉండడం దానికి ముఖ్య కారణం. అందుకే 1962లోనే మన ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టి అయోడిన్ ఉప్పును ప్రజలకు అలవాటు చేసింది. నేడు మన కొయ్యూరు వైపు కూడా థైరాయిడ్ తక్కువై రోజూ థైరాక్సిన్ మాత్ర వేసుకునేవారు ఉన్నారు. వారిలో కొందరు ఆశా కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలూ వాడతారు.

ఇంట్లో మొదటగా డిగ్రీ చదివిన వాళ్ళం కాబట్టి మందుల చీటీలు మా చేతికే వస్తాయి. "రెండూ హార్మోన్ మాత్రలే కదా, ఒకదానికొకటి పడదేమో" అని అక్కలు, వదినలు అడుగుతుంటారు. ఆ భయంతో ఒకటి మానేయడమే అసలు ప్రమాదం. రెండూ వాడవచ్చు. కానీ మూడు జాగ్రత్తలు అవసరం.

మొదటిది: డాక్టరుకు చెప్పడం

థైరాక్సిన్ రక్తంలో ఒక ప్రోటీన్ మీద ఎక్కి ప్రయాణిస్తుంది. మన సర్వీసు జీపు అనుకోండి. జీపులో కూర్చున్నవాడు పని చేయడు, దిగినవాడే చేస్తాడు. మాలా-ఎన్‌లోని ఈస్ట్రోజన్ వల్ల కాలేయం ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. జీపులు పెరిగితే ఎక్కి కూర్చునేవారు పెరిగి, పనికి దిగేవారు తగ్గుతారు. ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ గ్రంథి ఆ లోటు తానే పూడుస్తుంది. మాత్ర మీద ఆధారపడినవారికి మాత్రం మోతాదు పెంచాల్సి రావచ్చు. ఈస్ట్రోజన్ వాడే స్త్రీలలో ఈ సంగతిని 2001లో అమెరికా వైద్యుడు బాహా అరాఫా పరిశోధన చేసి చూపించారు.

కాబట్టి మాలా-ఎన్ మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల లోపు టి.ఎస్.హెచ్. రక్త పరీక్ష చేయించుకోవాలి. మాలా-ఎన్ మానేసినప్పుడూ అంతే. నీరసం, మలబద్ధకం, చలి ఎక్కువైతే ఇంకా ముందే వెళ్ళాలి. మోతాదు మనంతట మనం మార్చకూడదు.

రెండవది: ఎడం పాటించడం

థైరాక్సిన్ పొద్దున్నే పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు నీళ్ళతో వేసుకోవాలి. మాలా-ఎన్ ప్యాకెట్టులో 28 మాత్రలుంటాయి. 21 హార్మోన్‌వి, చివరి 7 ఐరన్‌వి. ఐరన్ థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అందువల్ల రెంటికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మాలా-ఎన్ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే ఈ చిక్కే ఉండదు. హాస్టల్లో ఐరన్ మాత్రలు మింగే చెల్లెళ్ళు థైరాక్సిన్ వాడుతుంటే వారికీ ఇదే నియమం.

మూడవది: మాలా-ఎన్ ఎవరికి వద్దో తెలుసుకోవడం

35 ఏళ్ళు దాటి చుట్ట, బీడీ తాగేవారు, బి.పి. ఎక్కువ ఉన్నవారు, కళ్ళ ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వచ్చేవారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టినవారు, ఆరు నెలల లోపు బిడ్డకు పాలిచ్చే తల్లులు దీన్ని వాడకూడదు. వీరికి కాపర్-టి వంటి వేరే పద్ధతులున్నాయి. ఏది సరిపోతుందో ఏ.ఎన్.ఎం.ను అడగాలి.

గర్భిణికి థైరాయిడ్ తక్కువైతే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అనుకోని గర్భం వస్తే, మాత్ర మానేసిన తప్పు బిడ్డ మోయాలి. కనుక మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ, అక్క, వదిన వాడే మాత్రలన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఆ కాగితం చూపించమనండి. మన చదువు ముందుగా మన ఇంటికి ఉపయోగపడాలి.